మూడేళ్ళు వాడాక మా కాలేజీ యాప్ గురించి

మా కాలేజీ విద్యార్థులు ఒకరికొకరు పరిచయం కావడానికి చేసిన యాప్ ఇది. ఓపెన్ చేసిన మొదటి రోజే నన్ను జూనియర్లలో కలిపేసింది.

డిప్లొమా అయ్యాక ఈసెట్ (డిప్లొమా వాళ్ళకి పెట్టే ప్రవేశ పరీక్ష) రాసి 2021లో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను. మాది జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీ. హాల్‌టికెట్ నంబర్‌లో మొదటి రెండు అంకెలు చేరిన సంవత్సరాన్ని చెబుతాయి. నా క్లాసులో మిగతావాళ్ళ నంబర్లు 20తో మొదలవుతాయి, మధ్యలో 1ఏ అని ఉంటుంది. నేరుగా రెండో సంవత్సరంలో చేరిన మా లేటరల్ ఎంట్రీ వాళ్ళవి 21తో మొదలవుతాయి, మధ్యలో 5ఏ. యాప్ ఆ మొదటి రెండు అంకెలే చూసి బ్యాచ్ కట్టేది. దాంతో నా క్లాస్‌మేట్స్ అంటూ చూపించినవాళ్ళంతా అప్పుడప్పుడే చేరుతున్న ఫస్టియర్ పిల్లలు. అప్పటికే క్లాసులో అందరికీ ఏడాది స్నేహాలున్నాయి, నాకు పక్కన కూర్చున్న అమ్మాయి పేరు కూడా సరిగ్గా తెలియదు. ఆ రోజు చాలా బాధేసింది.

యాప్ చేసింది మా సీనియర్లు ముగ్గురు. మా కాలేజీ బయట పనిచేయదు కాబట్టి పేరు చెప్పినా ఉపయోగం లేదు. ఇలాంటిది తమ కాలేజీలో చేద్దామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను. నంబర్ సంగతి చెబితే సీనియర్ అక్క పది రోజుల్లో సరిచేసింది.

నాకు అన్నిటికన్నా నచ్చింది, ఫోన్ నంబర్ ఎవరికీ కనిపించకపోవడం. అంతకుముందు మా సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) నన్ను క్లాస్ వాట్సాప్ గ్రూపులో కలిపాడు. అప్పట్లో అలాంటి గ్రూపులో చేరితే మన నంబర్ అందరి చేతికీ వెళ్ళేది. వారం తిరక్కుండానే ముక్కూమొహం తెలియని నంబర్ల నుంచి ‘హాయ్’లు మొదలయ్యాయి. ఇంట్లో తెలిస్తే ఫోనే వద్దంటారేమోనని టెన్షన్. యాప్‌లో అయితే హాల్‌టికెట్ నంబర్ ఇస్తే సీఆర్ చూసి ఒప్పుకోవాలి, అప్పుడే లోపలికి రానిస్తుంది. బయటివాళ్ళు రారు. 2004లో ఫేస్‌బుక్ మొదలైనప్పుడు కూడా హార్వర్డ్ మెయిల్ ఐడీ ఉన్నవాళ్ళకే తలుపు తీసింది. తనతో చదివేవాళ్ళే ఉన్నారన్న నమ్మకం ఉంటే తప్ప కొత్తగా వచ్చిన అమ్మాయి నోరు తెరిచి అడగదు, ఇది నా సొంత అనుభవం.

ప్రొఫైల్‌లో హాబీలు, ఇష్టమైన హీరో లాంటివి రాసుకునే చోటు ఉండేది. మూడేళ్ళలో దానివల్ల నాకు ఒక్క స్నేహితురాలూ దొరకలేదు. స్నేహాలు కుదిరింది రెండు చోట్ల. ఒకటి కాలేజీ బస్సు. రూటు, ఎక్కే స్టాపు పెడితే అదే స్టాపువాళ్ళు కనిపిస్తారు. ‘బస్సు వెళ్ళిపోయిందా?’ అని అడగడానికి పరిచయం అక్కర్లేదు కదా. అలా అడిగిన అమ్మాయి పక్కనే మూడేళ్ళూ కూర్చుని ప్రయాణం చేశాను.

రెండోది ‘నేను చెప్తాను, నాకు చెప్పండి’ అనే పేజీ. డిప్లొమా నుంచి వచ్చినవాళ్ళకి ల్యాబ్ అంటే భయం ఉండదు, మ్యాథ్స్ అంటే గుండె దడ. నేను ల్యాబ్ చెప్తానని, మ్యాథ్స్‌లో లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ నాకు చెప్పమని పెట్టాను. సాయంత్రానికల్లా హాస్టల్ అమ్మాయి ఒకరు మెసేజ్ చేసింది. మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) ముందు రెండు వారాలు లైబ్రరీ మెట్ల మీద కూర్చున్నాం. నేను తనకి ప్రోగ్రాంలో తప్పులు వెతకడం నేర్పాను, తను నాకు లెక్కలు నేర్పింది. ఇద్దరిదీ అవసరమే కాబట్టి ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. యాప్ చేసేవాళ్ళు ఒక్క పేజీకే సమయం పెట్టగలిగితే దీనికే పెట్టమంటాను.

లోపాలు కూడా చెప్పాలి. మూడో సంవత్సరంలో పేరు లేకుండా పోస్టు పెట్టే సౌకర్యం తెచ్చారు. నెల రోజుల్లోనే ఒక అమ్మాయి గురించి రాయకూడనివి రాశారు. తను వారం రోజులు కాలేజీకి రాలేదు. అందరం కలిసి అడిగితే తీసేశారు. అసలు తేకుండా ఉండాల్సింది, ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపం ఉంది.

వెతుకులాట కూడా సరిగ్గా ఉండేది కాదు. తెలుగు మాటల్ని ఇంగ్లీష్ అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా కొడతారు. ‘రికార్డు ఎవరి దగ్గరుంది’ అని వెతికితే నిన్న పెట్టిన అదే ప్రశ్న కూడా దొరికేది కాదు. యాప్ ఐఫోన్‌కి ఎప్పుడూ రాలేదు. యాప్ పెట్టడానికి ప్లే స్టోర్‌లో ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు, యాపిల్‌కి ఏటా 99 డాలర్లు కట్టాలి. పాకెట్ మనీతో నడిపేవాళ్ళని ఎలా తప్పుపడతాం? కానీ మా క్లాసులో ఐఫోన్ ఉన్న నలుగురూ చివరిదాకా బయటే ఉండిపోయారు. వెబ్‌సైట్‌గా చేసి ఉంటే వాళ్ళూ కలిసేవాళ్ళు.

2024లో మా చదువు అయిపోయింది. యాప్‌ని ఇప్పుడు జూనియర్లు చూసుకుంటున్నారు. లాగిన్‌లో ‘ఏ సంవత్సరంలో చేరారు’ అని చూడకుండా, ‘ఇప్పుడు ఏ క్లాసులో కూర్చుంటున్నారు’ అని అడుగుతున్నారు. మా పాలిటెక్నిక్ నుంచి వెళ్ళి మా బీటెక్ కాలేజీలోనే చేరిన చెల్లి ఒకరు మొదటి వారంలోనే మెసేజ్ పెట్టింది: ‘అక్కా, మా స్టాపులో ముగ్గురు ఉన్నారు, రేపు కలిసి వెళ్తున్నాం’ అని.