డీకన్ గారి స్మరణ పుస్తకం: ఫ్యునరల్ హోమ్ సేవలో ఏది తీసుకోవాలి, ఏది వద్దు

అమెరికాలో అంత్యక్రియలు జరిపించే సంస్థలైన ఫ్యునరల్ హోములు భూస్థాపన ఏర్పాట్లతో పాటు స్మరణ పుస్తకం కూడా అచ్చువేసి ఇస్తాయి. చనిపోయిన పెద్దాయన క్రైస్తవ సంఘంలో డీకన్ (పాస్టర్‌కు తోడుగా సేవ చేసే పరిచారకుడు), కుర్రతనంలో బేస్‌బాల్ ఆటగాడు అయితే ఆ సేవ ఎంతవరకు పనికొస్తుంది? అచ్చు బాగుంటుంది, డిజైన్ సరిపోతుంది. జీవిత చరిత్ర రాసే పని మాత్రం వాళ్ల ఫారానికి అప్పగించకూడదు. అలాంటి ఫారాల్లో ఆట 'హాబీలు' అనే గడిలోకి, డీకన్ పరిచర్య 'సంఘ సభ్యత్వం' అనే ఒక్క గీత మీదికి వెళ్లిపోతాయి. దశాబ్దాల పరిచర్యకు ఒక్క గీతా!

ప్యాకేజీ మొత్తం కొనాల్సిన పని లేదు. 1984లో అమల్లోకి వచ్చిన ఫ్యునరల్ రూల్ అనే అమెరికా ప్రభుత్వ నిబంధన ప్రకారం ధరలు విడివిడిగా చూపించాలి, కావలసినవే ఎంచుకోవచ్చు. అచ్చు పని వద్దనుకుంటే బయట ప్రెస్‌లో చేయించుకోవచ్చు. నాలుగు పేజీల రకం చాలదు. ముఖచిత్రానికి ఒకటి, ఆరాధన క్రమానికి ఒకటి, కృతజ్ఞతలకు వెనక అట్ట పోతే చరిత్రకు మిగిలేది ఒక్క పేజీ. అమెరికా లెటర్ సైజు (8.5 × 11 అంగుళాల) కాగితం మధ్యకు మడిస్తే వచ్చే 5.5 × 8.5 అంగుళాల పేజీలో 12 పాయింట్ల అక్షరంతో 250, 300 ఇంగ్లిష్ మాటలకు మించి పట్టవు. వచ్చేవాళ్లలో వయసు మళ్లినవాళ్లు చాలామంది ఉంటారు కనుక అక్షరం అంతకన్నా తగ్గించకండి. 8 పేజీలది తీసుకోండి. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి, 6 అడిగితే రెండు ఖాళీగా వస్తాయి. వీలైతే 11 × 17 అంగుళాల కాగితం మడిచి చేసే పెద్ద సైజు ఇంకా మేలు.

ఎక్కువ తప్పులు దొర్లేది ఆట భాగంలోనే. 'డాడ్జర్స్‌కు ఆడారు' అని ఇంట్లో చెప్పుకునే మాటకు అర్థం చాలాసార్లు ఆ మేజర్ లీగ్ (పై స్థాయి) జట్టులో కాదు, దాని కింద కుర్రాళ్లను తయారుచేసే మైనర్ లీగ్ జట్టులో, అంటే ఫార్మ్ టీమ్‌లో ఆడారని. 1962 సీజన్ దాకా మైనర్ లీగుల్లో బీ, సీ, డీ తరగతులు ఉండేవి, 1963 మార్పులతో అవి పోయాయి. 1950ల్లో అన్నిటికన్నా కిందిదైన డీ తరగతిలో ఆడినవారైతే లీగు పేరు, ఊరి జట్టు పేరు, ఏడాది రాస్తే చాలు, అదేమీ నామోషీ కాదు. మైనర్ లీగ్ గణాంకాలు బేస్‌బాల్ రిఫరెన్స్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే పేరుతో చాలామంది ఉంటారు కాబట్టి పుట్టిన తేదీ, ఏ చేత్తో విసిరేవారు, ఏ వైపు నిలబడి కొట్టేవారు, ఈ మూడూ కలిస్తేనే తీసుకోండి. ఏ జట్టు ఎప్పుడు తీసుకుంది, ఎప్పుడు వదిలేసింది అన్నది ద స్పోర్టింగ్ న్యూస్ అనే ఆటల పత్రిక వాళ్ల పాత కాంట్రాక్టు కార్డుల్లో ఉంటుంది. అవి ఎల్ఏ84 ఫౌండేషన్ డిజిటల్ లైబ్రరీలో ఉన్నాయి. సంతకం చేసి ఒక్క ఆటా ఆడనివారి జాడ కూడా వాటిలో దొరకవచ్చు.

నల్లజాతి ఆటగాళ్లను మేజర్ లీగుల్లోకి రానివ్వని రోజుల్లో వారు ఆడుకున్న నీగ్రో లీగుల్లో ఆడినవారి విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగులను మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 డిసెంబరులో మేజర్ లీగులుగా గుర్తించింది. 2024 మేలో వాటి అంకెలు అధికారిక రికార్డుల్లో కలిశాయి. నీగ్రో లీగుల ఆటగాడు జాష్ గిబ్సన్ జీవితకాల బ్యాటింగ్ సగటు .372తో, అంతవరకు మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ .367ను దాటింది అప్పుడే. 1948 తర్వాత అవే జట్లకు ఆడినవారికి ఈ గుర్తింపు వర్తించదు. ఊరూరా తిరుగుతూ ఆడిన ఆటలు లెక్కలోకి రావు, లీగ్ ఆటల స్కోర్లు కూడా అన్నీ పత్రికల్లో పడలేదు. అందుకే ఇంట్లో చెప్పే హోమ్ రన్లకూ పట్టికకూ పొంతన కుదరదు. పట్టికలోని అంకె రాసి 'దొరికిన లీగ్ ఆటల్లో' అని చేర్చండి, ఎవరి మాటనూ అబద్ధం చేయనక్కర్లేదు.

డీకన్ పనికి ఇలాంటి పట్టిక ఎక్కడా లేదు. అందుకే ఈ భాగానికి కనీసం రెండు పేజీలు ఉంచమంటాను. అభిషేకం ఎప్పుడు జరిగిందో సంఘ సమావేశాల మినిట్స్‌లో గానీ సర్టిఫికెట్ మీద గానీ ఉంటుంది. పాత వార్షికోత్సవ సంచికల్లో ఫొటోలు, కమిటీల పేర్లు ఉంటాయి. డీకన్ బోర్డులోని తోటివారిని అడగాల్సినవి చిన్న చిన్న సంగతులు: ఆరాధన ముందు ప్రార్థనా సమయంలో ఏ కీర్తన ఎత్తేవారు, ప్రభు భోజనం మంచం పట్టినవారి ఇళ్లకు తీసుకెళ్లేవారా, సహాయ నిధి ఎవరు చూసేవారు. ఆయన పేరు ముందు ఏ బిరుదు పెట్టాలన్న విషయంలో ఫ్యునరల్ హోమ్ టెంప్లేట్లను (ముందే తయారుగా ఉన్న నమూనాలను) నమ్మవద్దు. బాప్టిస్టు సంఘాల్లో డీకన్‌ను సంఘమే ఎన్నుకుంటుంది, తల మీద చేతులుంచి ప్రార్థించే హస్తనిక్షేపణ చేసినా ఆయన పాస్టర్ కాదు, పేరు ముందు 'రెవరెండ్' పెట్టకూడదు. కాథలిక్కుల్లో డీకన్ గురువర్గంలోనివాడే. వివాహితులకూ వీలున్న శాశ్వత డీకన్ పదవిని ఆరవ పౌలు పోపు 1967లో పునరుద్ధరించారు. కాథలిక్ డీకన్ చేయించిన బాప్తిస్మాలు, జరిపించిన పెళ్లిళ్లు పారిష్ రిజిస్టర్లలో ఉంటాయి.

ఫొటోలను ఫోన్‌తో తీసి పంపితే ఫ్యునరల్ హోమ్ అలాగే అచ్చేస్తుంది, మసకగా వస్తాయి. రెండంగుళాల వెడల్పు ఫొటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే 1200 పిక్సెళ్లు వస్తాయి, 300 డీపీఐలో నాలుగంగుళాల దాకా శుభ్రంగా అచ్చవుతుంది. పత్రిక కత్తిరింపుల్లో చుక్కలు కలిసి అలల గీతల్లా కనిపిస్తాయి, వాటిని తగ్గించే డీస్క్రీన్ అనే సెట్టింగును స్కానర్‌లో ఆన్ చేయండి. యూనిఫాం ఫొటో లోపలి పేజీలో, సూటు ఫొటో ముఖచిత్రంగా బాగుంటాయి. బ్యాట్లు, బంతులు నేపథ్యంగా ఉన్న టెంప్లేటు వద్దు. అక్షరాలు దాని మీద కనబడవు, పైగా పరిచర్య పేజీలు కూడా ఆటల పత్రికలా తయారవుతాయి.

వీడియో స్లైడ్‌షో అదనం, ఆ డబ్బుతో మరో నాలుగు పేజీలు కలపవచ్చు. అచ్చుకు ముందు సరిచూసుకోవడానికి ఇచ్చే ప్రూఫ్‌ను ఇద్దరు చదవాలి: బంధువుల పేర్ల కోసం కుటుంబంలో ఒకరు, ఆరాధన క్రమం కోసం సంఘ కార్యదర్శి. శవపేటిక మోసేవారి పేర్లు చివరి నిమిషంలో మారుతుంటాయి కనుక వాటిని అన్నిటికన్నా చివర అచ్చుకు పంపండి. సంఘం ఆఫీసుకు రెండు ప్రతులు పక్కన పెట్టించండి. ఆయన మేజర్ లీగ్‌లో ఒక్క ఆట ఆడినా ఒక ప్రతిని కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ లైబ్రరీకి పంపించండి. అక్కడ మేజర్ లీగ్ ఆటగాళ్లకు ఒక్కొక్కరి పేరు మీద ఫైలు ఉంటుంది.