డబ్బా మీద 5000 కుట్లు, నా బొటిక్‌లో 2200: పవర్ మిషన్‌తో ఆరేళ్లు

ఈ మిషన్ కొన్నది 2019లో, దసరాకి పదిహేను రోజుల ముందు. మా విజయనగరంలో విజయదశమి వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం, దాని ముందురోజు తొలేళ్లు. ఆడపిల్లలు పుట్టింటికి వస్తారు, చీరలు కొంటారు. ఆ చీరల మీదకి జాకెట్లు మా నెత్తిన పడతాయి.

అప్పటికి కంటోన్మెంట్ వైపు పన్నెండడుగుల గది అద్దెకి తీసుకుని నాలుగు నెలలయింది. బయట బోర్డు మీద బొటిక్ అని రాయించాను గానీ లోపల ఉన్నది అమ్మ సారెలో పెట్టిన కాలి మిషనూ, ఒక ఇస్త్రీ బల్లా. ఆ పండక్కి ఒప్పుకున్న జాకెట్లు మాత్రం అరవై! చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇప్పించే ముద్ర అప్పుల్లో శిశు అనే రకం కింద హామీ లేకుండా 50 వేల దాకా ఇస్తారు. అది తీసుకుని, బల్లా స్టాండూ కలిపి 24 వేలకి ఈ సింగిల్ నీడిల్ డైరెక్ట్ డ్రైవ్ మిషన్, అంటే ఒకే సూదితో, బెల్టు లేకుండా మోటారే నేరుగా తిప్పే రకం తెచ్చుకున్నాను. మిగతాది బట్ట అంచులు పోగులూడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌కీ లైనింగు తానులకీ సరిపోయింది. కంపెనీ పేరు చెప్పను. ఈ రకం మిషన్లన్నీ ఇంచుమించు ఒకేలా నడుస్తాయి. నేను చెప్పే మంచీ చెడ్డా ఆ రకానివే.

ముందు డబ్బా మీది అంకె సంగతి. నిమిషానికి 5000 కుట్లు అని ఉంది. ఇంట్లో వాడే మిషన్ వెయ్యి దగ్గర ఆగిపోతుంది కదా, ఇంక నా పని ఐదింతలవుతుందని లెక్కేసుకున్నాను. ఆ లెక్క తొలేళ్ల రాత్రికి తప్పింది. ఒక లైనింగ్ జాకెట్టుకి ఆది జాకెట్టు పరిచి, గుర్తులేసి, కత్తిరించడానికి అరగంట. లైనింగు జత చేసి, డార్టులేసి, చేతులెక్కించి, మెడకి పైపింగు తిప్పేవరకూ నిజంగా సూది ఆడేది పావుగంటో ఇరవై నిమిషాలో. ఆపైన హుక్సులు, కాజాలు, అంచు హెమ్మింగు, అంతా చేతిపని, ముప్పావుగంటకి తక్కువ తెమలదు. సూది ఎంత పరిగెత్తినా కలిసొచ్చేది ఆ మధ్యలో పావుగంటలోనే.

ఆ రాత్రి పదకొండింటికి మిషన్ మీద ముసుగు కప్పేసే ఉంది. నేను నేల మీద కూర్చుని హుక్సులు కుడుతున్నాను. గుమ్మంలో ఒక పెద్దావిడ వచ్చి నిలబడింది. “ఏటమ్మా, అమ్మవారు ఎల్లిపోయాక ఇస్తావేటి నా కోడలి జాకెట్టు?” అంది. ఆ ఏడు పదకొండు జాకెట్లు పండగ దాటాక ఇచ్చాను. మూడు కుటుంబాలు మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. రెండో మిషన్ కొందామనుకున్న డబ్బు అప్పటినుంచి హుక్సులు కుట్టే అమ్మాయి జీతానికి వెళ్తోంది. కంట్రోల్ బాక్సులో గరిష్ఠ వేగం తగ్గించుకునే వీలుంది, దాన్ని 2200 దగ్గర కట్టేశాను. మెడ వంపు దగ్గర అంతకు మించి వెళ్తే నా చెయ్యి నిలవదు.

మరి దీనికి 24 వేలు ఎందుకంటారా? కుట్టు కోసం. కాలి మిషన్ మీద పొద్దున్న వేసిన కుట్టూ సాయంత్రం నడుము లాగేస్తున్నప్పుడు వేసిన కుట్టూ ఒకలా ఉండేవి కావు. దీని మీద ఉంటాయి. ఇంకొకటి మోకాలి లివరు. రెండు చేతులూ బట్ట మీదే ఉంచి, బట్టని అదిమిపట్టే మిషన్ పాదాన్ని మోకాలితో ఎత్తొచ్చు. జారిపోయే జార్జెట్‌కి అది వరం. పాత క్లచ్ మోటార్లు మనం కుట్టినా కుట్టకపోయినా గుయ్యిమంటూ కరెంటు తాగుతుంటాయి. ఇందులో సర్వో మోటారు కాలు నొక్కితేనే తిరుగుతుంది. కస్టమరు కొలతలు చెబుతుంటే మిషన్ కట్టేయక్కర్లేదు.

ఇక నా తెలివితక్కువ పనులు. మొదటి వారంలోనే కుట్లు దాటేయడం మొదలైంది. దారం మార్చాను, బాబిన్ కేసు మార్చాను, దండం కూడా పెట్టాను. చివరికి మెకానిక్ వచ్చి నిమిషం చూసి, “అమ్మా, సూది తిప్పి పెట్టీసినావు” అన్నాడు. ఇంటి మిషన్ సూదికి కాడ ఒక పక్క చదునుగా ఉంటుంది, తప్పుగా పెట్టమన్నా పెట్టలేం. దీనికి వాడే డీబీ సూదికి కాడ గుండ్రంగా ఉంటుంది, ఎటైనా దూరిపోతుంది. సూది మీద పొడవునా ఉండే గాడి ఎడమవైపుకి రావాలి. ఆ సూది తిప్పినందుకు 300 ఇచ్చాను. ఆ పాఠం మాత్రం ఇంకా మర్చిపోలేదు.

నూనె గొడవ అంతకంటే పెద్దది. కింద తొట్టిలో పై గీత, కింద గీత అని రెండుంటాయి. పెళ్లిళ్ల రోజుల్లో మళ్లీ మళ్లీ పోయడం ఎందుకని పై గీత దాటించి పోసేశాను. మర్నాడు మీగడరంగు పట్టు జాకెట్టు చేతి మీద, సూది కడ్డీ నుంచి జారిన నూనె, శనగగింజంత మరక. చీరతో వచ్చిన జాకెట్టు ముక్క అది, ఇంకో ముక్క ఎక్కడా దొరకదు. పౌడరు అద్ది రాత్రంతా ఉంచితే సగం పీల్చింది, సగం ఉండిపోయింది. మరక మీద జర్దోసీతో చిన్న బుటా కుట్టించి, రెండో చేతికి సరిగ్గా అక్కడే ఇంకోటి కుట్టించాను. పెళ్లికూతురి తల్లికి దాచకుండా చెప్పి, ఆ జాకెట్టుకి డబ్బులొద్దన్నాను. ఆవిడ రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, “రెండో దానికీ ఏయించీసినావు గదా, ఇంక మరకేటి?” అని కుట్టుకూలి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఆరోజు నుంచి పొద్దున్నే గుడ్డపేలిక మీద రెండు నిమిషాలు కుట్టాకే కస్టమరు బట్ట పెడుతున్నాను.

ఎండాకాలం ఓల్టేజీ పడిపోతే తెర మీద ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. మూడో ఏడు కంట్రోల్ బాక్సు కాలిపోయింది, 4500 అయింది. వారంటీ గురించి అడిగితే అమ్మిన షాపువాళ్లు ఎలక్ట్రానిక్ భాగాలకి వర్తించదన్నారు. కొన్నప్పుడు ఆ మాట అనలేదు. మిషన్‌తోపాటే స్టెబిలైజరు కొనుక్కోండి.

బట్టల్లో దీనికి బాగా కుదిరేది నూలు. పొందూరు ఖాదీ 11 నంబరు సూదితో చక్కగా కుడుతుంది. చేతితో వడికిన నూలు కాబట్టి అక్కడక్కడా పోగు లావుగా తగులుతుంది, అక్కడ నెమ్మదించాలి. కత్తిరించే ముందు తడిపి ఆరేయకపోతే తర్వాత చొక్కా బిగిసిందని మనల్నే అంటారు. మెత్తటి పట్టు మీద, బట్టని కిందనుంచి జరిపే పళ్ల గుర్తులు పడతాయి, పాదం ఒత్తిడి తగ్గించుకోవాలి. జీన్స్ మడత నాలుగు పొరలైతే మొరాయిస్తుంది. అలాంటి పని ఎక్కువుంటే బరువు బట్టల రకం అడిగి కొనుక్కోవాలి, ఇది కాదు.

కొత్తగా పెట్టేవాళ్లకి డబ్బు సంగతి రెండు ముక్కలు. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది, పనిముట్లకి 15 వేలు, మొదటి విడత లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి ఇస్తారు. ముద్ర బాకీ ఉంటే ముందు అది తీర్చాలి. కుటుంబానికి ఒక్కరికే. ఏ అప్పు తీసుకున్నా పంచాంగం చూసుకుని తీసుకోండి, నేను హాస్యానికి అనడం లేదు. మూఢంలో, ఆషాఢంలో ముహూర్తాలుండవు, పెళ్లి జాకెట్లుండవు. బ్యాంకు వాయిదాకి మూఢం లేదు. ఆ నెలల్లో నైటీలు, స్కూలు యూనిఫాంలు, ఫాల్, పీకూ పనులే నా అద్దె కడుతున్నాయి.

ఆషాఢంలోనే మిషన్‌కి సర్వీసింగు కూడా. నూనె మొత్తం తీసేసి కొత్తది పోస్తాను, పళ్ల కింద పేరుకున్న పీచు బ్రష్షుతో తీస్తాను. ఈసారి మిషన్‌లో బాబిన్ చుట్టూ తిరిగే హుక్కు అరిగిందన్నాడు మెకానిక్, మార్పించాలి. అమ్మ మిషన్ ఇంకా మూలనే ఉంది. పండగ ముందు కరెంటు పోయిన సాయంత్రం ముసుగు తీసి కూర్చుంటే, హుక్సులమ్మాయి మొబైల్ లైటు పట్టుకుంటుంది.