నడకలో నీళ్ల మోత: ఆరేళ్ల వాడకం తరువాత

కోనసీమలో బొబ్బర్లంక నుంచి లొల్ల లాకులు, గన్నవరం అక్విడక్టు, రాజోలు మీదుగా అంతర్వేది దాకా ఆరేళ్లుగా వీపున సంచితో నడుస్తున్నాను. ఏటా ఒకసారి మాఘమాసపు తీర్థానికి, ఒకసారి నడివేసవిలో. ఇన్నేళ్లలో సంచిలో నేను ఎక్కువసార్లు మార్చినవి నీళ్ల పాత్రలే.

మొదట కొన్నది గొట్టం ద్వారా తాగే రెండు లీటర్ల తిత్తి. ఆగకుండా తాగవచ్చు గానీ, ఎన్ని నీళ్లు మిగిలాయో సంచి విప్పితే తప్ప తెలియదు. పైగా కోనసీమ ఉక్కకు గొట్టం లోపల తడి ఆరనే ఆరదు. ఒకసారి బెల్లం, నిమ్మరసం కలిపిన నీళ్లు పోసిన పాపానికి వారం తిరిగేసరికి నల్లగా బూజు పట్టింది; ఎంత కడిగినా వాసన పోలేదు.

తరువాత లీటరు స్టీలు సీసా వాడాను. ఒంటి పొర సీసా కనుక మూత తీసి నేరుగా మంట మీద నీళ్లు మరిగించుకోవచ్చు. రెండు పొరల ఫ్లాస్కుతో ఆ పని ఎన్నడూ చేయరాదు. రాళ్ల మీద పడి సొట్టపోయింది కానీ కారలేదు. బరువు మాత్రం మా నాయనమ్మ మరచెంబును గుర్తుకు తెచ్చేది.

ఇప్పుడు నా దగ్గర ఉన్నవి రెండు మామూలు లీటరు ప్లాస్టిక్ సీసాలు, ఒక రెండు లీటర్ల మడత సంచి. సీసాలు ఖాళీగా ఉంటే బరువే తెలియదు, సీసాను చేత్తో నొక్కి నీళ్లు వడకట్టుకునే ఫిల్టర్లలో చాలావాటికి వాటి 28 మిల్లీమీటర్ల మూతి సరిపోతుంది, అడుగు చిట్లితే మార్చేయవచ్చు. శీతాకాలంలో ఊరూరా నీళ్లు దొరుకుతాయి కనుక అవే చాలు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడే మడత సంచి అవసరం తెలిసింది. సముద్రం వైపు వెళ్లేకొద్దీ చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి; ఆ ఉప్పును ఈ ఫిల్టరూ తీయదు, క్లోరిన్ బిళ్లా తీయదు, మరిగించినా పోదు. మలికిపురం దాటాక ఒక చేతిపంపు దగ్గర రుచి చూడకుండా రెండు సీసాలూ నింపుకుని, రెండు గంటలు మోసి, చివరకు కాళ్లు కడుక్కున్నాను. అప్పటినుంచి రాజోలులోనే మడత సంచితో సహా అన్నీ నింపుకుంటున్నాను.

నాలుగు లీటర్లంటే నాలుగు కిలోలు. మడత సంచిని గాలి లేకుండా నింపి, వీపుకు ఆనించి భుజాల మధ్య పెడితే కుదుపు తగ్గుతుంది. సీసాలు చెరోపక్క పెట్టి మార్చిమార్చి తాగాలి. ఒకటే ఖాళీ చేస్తే సన్నని గట్టు మీద మనిషి ఒకవైపుకు ఒరుగుతాడు.

మడత సంచిలో ఒకే లోపం, మూత విడిగా రావడం. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతూ దానిని వశిష్ఠ గోదావరిలో పడేసుకున్నాను. రెండోసారి మూతకు తాడు ఉన్నదే కొన్నాను.