యూరప్ రైలు పాస్: సరిహద్దు దాటే వేగపు రైళ్లలో సీటు సంగతి

ఒకే పాస్ మీద పలు దేశాల రైళ్లెక్కే యూరప్ రైలు పాస్ గురించి అడిగే తెలుగువాళ్లంతా ముందుగా వేసే ప్రశ్న ఒకటే: "పాస్ ఉంటే ఏ రైలైనా ఎక్కేయొచ్చు కదా?" జర్మనీలో అయితే దాదాపు అవుననే చెప్తాను. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, నెదర్లాండ్స్‌లోనూ అంతే. కానీ వేగపు రైలెక్కి పారిస్‌కో, లండన్‌కో, మిలాన్‌కో, బార్సిలోనాకో వెళ్లాలంటే పాస్ సగం టికెట్టు మాత్రమే. మిగతా సగం సీటు రిజర్వేషన్. దానికి వేరే డబ్బు కట్టాలి, దాని కోటా వేరు. ఏళ్లుగా కొలోన్ దగ్గర ఉంటున్నాం. మేము ఇంటర్‌రైల్ పాస్ మీద, ఊరినుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తయ్యామామయ్యలు యూరైల్ పాస్ మీద చాలాసార్లు తిరిగాం. ఇన్నాళ్ల వాడకంలో నాకు కుదురుకున్న అభిప్రాయం ఇది: సరిహద్దు రైళ్లలో సీట్లు ఉన్నాయో లేవో చూసుకుని, తేదీలు వాటిని బట్టి ఖాయం చేసుకుని, ఆ తర్వాతే పాస్ కొనాలి.

రెండు పాస్‌ల మధ్య తేడా పాస్‌పోర్టు రంగును బట్టి ఉండదు, ఎక్కడ నివాసం అన్నదాన్ని బట్టి ఉంటుంది. భారత పాస్‌పోర్టే అయినా జర్మనీలో నివాస పత్రం ఉన్నవాళ్లకు ఇంటర్‌రైల్, హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో చూడ్డానికి వచ్చినవాళ్లకు యూరైల్. రెండూ 33 దేశాల్లో చెల్లుతాయి. ఇంటర్‌రైల్‌కు ఒక మెలిక ఉంది: మనం నివసించే దేశంలో దాన్ని బయటికి వెళ్లేందుకు ఒక రోజు, తిరిగి వచ్చేందుకు ఒక రోజు మాత్రమే వాడుకోవచ్చు. మా అమ్మానాన్నల యూరైల్‌కు ఆ పరిమితి లేదు. జర్మనీలో వాళ్లే మాకంటే స్వేచ్ఛగా తిరిగారు.

ఇక కోటా సంగతి. మన రైల్వేలో జనరల్, తత్కాల్, లేడీస్ అని కోటాలు ఉన్నట్టే, పారిస్, లండన్ మధ్య నడిచే యూరోస్టార్ లాంటి రైళ్లలో పాస్ ఉన్నవాళ్ల కోసం కొన్ని సీట్లే కేటాయిస్తారు. అవి అయిపోతే రైల్లో ఇంకా ఎన్ని సీట్లు మిగిలి ఉన్నా పాస్ మీద దొరకవు. అదే రైలుకు పూర్తి ధర టికెట్టు మాత్రం అమ్మకానికి కనిపిస్తూనే ఉంటుంది. వెయిటింగ్ లిస్టు లేదు, ఆర్‌ఏసీ లేదు, చార్టు తయారయ్యాక ఖాళీలు తేలే పద్ధతీ లేదు. కోటా నిండితే ఆ రైలు మీద ఆశ వదులుకోవాల్సిందే. శుక్రవారం సాయంత్రాలు, ఆదివారాలు, జులై, ఆగస్టు నెలల్లో ఇది బాగా తెలుస్తుంది. మంగళ, బుధవారాల మధ్యాహ్నం రైళ్లకు మాత్రం తేలిగ్గా దొరికేవి.

మనవాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. పిల్లల బడి సెలవులని ఏప్రిల్ నుంచి జూన్ మధ్యలో అమ్మానాన్నలు వస్తారు. షెంగెన్ వీసా చేతికొచ్చేసరికి ప్రయాణానికి మూడు నాలుగు వారాలే మిగులుతాయి. కోటాలేమో రెండు మూడు నెలల ముందే కరగడం మొదలవుతాయి. రిజర్వేషన్ డబ్బు చాలా రైళ్లకు వెనక్కి రాదు. అందుకని మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం. వీసా రాకముందు ఒకే ఒక్క రైలుకు, ఏది దొరక్కపోతే ప్రయాణమంతా చెడిపోతుందో దానికి, డబ్బు పెడతాం. మిగతావి వీసా వచ్చాకే. పోతే నలుగురికీ కలిపి నూటముప్ఫై నూటనలభై యూరోలు పోతాయి. ఆ మాత్రం తెగింపు లేకపోతే వేసవిలో పారిస్ ప్రయాణం కుదరదు.

ధరలు ఏటా కొంచెం మారుతుంటాయి గనక నేను చెప్పేవి ఉజ్జాయింపులు. యూరోస్టార్‌లో రెండో తరగతికి లండన్ వైపైనా, ఒకప్పుడు థాలిస్ అనే పేరుతో తిరిగిన పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, కొలోన్ ఎర్ర రైళ్లలోనైనా మనిషికి 30 యూరోలు, ఆపైన. ఈ రెండు సంస్థలూ 2023లో ఒకే పేరు కిందికి వచ్చాయి. పారిస్ నుంచి స్విట్జర్లాండ్ వెళ్లే లిరియా, మిలాన్ వెళ్లే టీజీవీ (ఫ్రాన్స్ వేగపు రైలు), బార్సిలోనా వెళ్లే టీజీవీ కూడా ముప్ఫై దరిదాపులే. జర్మనీ, ఫ్రాన్స్ మధ్య నడిచే ఐసీఈ (జర్మనీ వేగపు రైలు), టీజీవీలకు అంతకంటే తక్కువ. జూరిక్ నుంచి మిలాన్ వెళ్లే యూరోసిటీకి (దేశాల మధ్య నడిచే ఎక్స్‌ప్రెస్ రైలు) పది పదిహేను యూరోలు. ఇక కొలోన్ మీదుగా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి బ్రస్సెల్స్ వెళ్లే ఐసీఈ, మ్యూనిక్, జూరిక్ మధ్య యూరోసిటీ, వియన్నా నుంచి బుడాపెస్ట్ వెళ్లే రైల్‌జెట్‌లకు సీటు తప్పనిసరి కాదు. వేసవిలో కొన్ని అంతర్జాతీయ ఐసీఈలకు తప్పనిసరి చేస్తుంటారు, తేదీ పెట్టి చూసుకోవాలి. ఇటలీలో ఇటాలో, ఫ్రాన్స్‌లో ఊయిగో రైళ్లకైతే పాస్ అసలు పనికిరాదు.

లెక్క వేసి చూస్తేనే పాస్ విలువ తెలుస్తుంది. నెలలో మనకు నచ్చిన 5 రోజులు తిరిగే పాస్ పెద్దవాళ్లకు రెండో తరగతిలో మూడు వందల చిల్లర యూరోలు. అంటే రోజుకు అరవై పైనే. దానిమీద యూరోస్టార్ రిజర్వేషన్ ముప్ఫై చిల్లర కలిపితే లండన్, పారిస్ మధ్య రెండు గంటల ఇరవై నిమిషాల ప్రయాణానికి దగ్గర దగ్గర వంద యూరోలు పడుతుంది. అదే రైలుకు బాగా ముందుగా కొన్న మామూలు టికెట్టు ఒక్కోసారి యాభై దరిదాపుల్లోనే దొరుకుతుంది. అందుకే ఆ ఒక్క ప్రయాణానికి పాస్ రోజును నేను ఖర్చు పెట్టను. విడిగా టికెట్టు కొంటాను. పాస్ రోజును ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయల్దేరి పారిస్ మీదుగా అదే రోజు బోర్డో చేరే లాంటి పొడుగాటి ప్రయాణానికి దాస్తాను. అర్ధరాత్రి నుంచి మళ్లీ అర్ధరాత్రి దాకా ఎన్ని రైళ్లెక్కినా ఒకటే రోజు లెక్క. ఒకే రోజులో మూడు దేశాలు దాటినప్పుడే పాస్ డబ్బు తిరిగొచ్చినట్టు అనిపిస్తుంది.

పిల్లల విషయం స్పష్టంగా చెప్పాలి. నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా పిల్లలకు పెద్దవాళ్లతో కలిసి పాస్ ఉచితం, ఒక్కో పెద్దకు ఇద్దరు చొప్పున. కానీ వేగపు రైల్లో వాళ్లకూ సీటు కావాలి, ఆ సీటుకూ డబ్బు కట్టాలి. "పిల్లలకు ఫ్రీ" అన్న మాట నమ్మి బడ్జెట్ వేసుకున్న కుటుంబాలు ఇక్కడే ఉలిక్కిపడతాయి. కోటా కూడా నలుగురికీ ఒకే రైల్లో ఉండాలి కదా. ఇద్దరికి దొరికి ఇద్దరికి దొరక్కపోవడం నేను చాలా చూశాను. నలుగురి పేర్లూ ఒకే బుకింగ్‌లో పెట్టి వెతకడమే మంచిది.

ఎక్కడ బుక్ చేయాలన్నదానికి నా జవాబు సాదాగా ఉంటుంది. పాస్ అమ్మే సంస్థ సొంత రిజర్వేషన్ పేజీలో చాలా రైళ్లు దొరుకుతాయి, మనిషికి రైలుకు రెండు యూరోల సేవా రుసుము అదనం. బ్రస్సెల్స్ మీదుగా వెళ్లేవాళ్లకు బెల్జియం రైల్వే అంతర్జాతీయ సైటులో పాస్ ఉన్నవాళ్లకుండే రిజర్వేషన్ ధరకే యూరోస్టార్ సీటు వచ్చేది, ఆ రుసుము లేకుండా. జర్మనీ, ఆస్ట్రియా, చెక్ రైళ్లలో తప్పనిసరి కాకపోయినా పెద్దవాళ్ల కోసం సీటు ఖాయం చేసుకోవాలంటే ఆస్ట్రియా రైల్వే సైటు చౌక. అక్కడ టికెట్టు లేకుండా ఒట్టి సీటు మాత్రమే కొనే వెసులుబాటు ఉంది. సైటులో ఏదీ కుదరకపోతే పెద్ద స్టేషన్ కౌంటరుకు వెళ్లండి. కౌంటరులో ఓపికగా కూర్చున్న ఉద్యోగి మార్చి మార్చి వెతికితే, సైటు లేవన్న సీట్లు మధ్య స్టేషన్ నుంచి దొరకడం నాకు ఒకటికి రెండుసార్లు జరిగింది.

పెద్దవాళ్లతో వెళ్తుంటే సీటు ఎక్కడ అన్నది ధరకంటే ముఖ్యం. లిరియా, బార్సిలోనా టీజీవీలు రెండంతస్తుల రైళ్లు. పాస్ బుకింగ్‌లో చాలాసార్లు సీటు ఎంచుకునే వీలుండదు. యంత్రం పై అంతస్తు ఇస్తే మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఆ ఇరుకు మెట్లు ఎక్కాలి, పెద్ద సూట్‌కేసు కింద సామాన్ల అరలో, కంటికి కనబడని చోట వదలాలి. కింది అంతస్తు కావాలంటే కౌంటరులో అడిగి వేయించుకోవడమే దారి. ఆ సౌకర్యం కోసమే నేను పారిస్, జర్మనీ మధ్య వీలైతే ఐసీఈ నడిచే సమయాన్నే ఎంచుకుంటాను. ఒకే అంతస్తు, వెడల్పు నడవ. పులిహోర డబ్బా విప్పి నలుగురూ తినడానికి మధ్యలో బల్ల ఉన్న సీట్లు దొరికితే అమ్మకు ప్రయాణం ప్రయాణంలా అనిపిస్తుంది.

లండన్ వెళ్లేవాళ్లకు రిజర్వేషన్ ఒక్కటే చాలదు. షెంగెన్ వీసాతో బ్రిటన్‌లో అడుగుపెట్టనివ్వరు, వేరే వీసా ఉండాలి. అంతేకాదు, లండన్ చూసి మళ్లీ యూరప్‌కు తిరిగి రావాలంటే షెంగెన్ వీసా ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించేదై ఉండాలి. రైలెక్కే ముందే, పారిస్ గార్ ద్యు నార్‌లోనో బ్రస్సెల్స్ మిదీలోనో, రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ అయిపోతాయి. భారత పాస్‌పోర్టువాళ్ల వరుస నెమ్మదిగా కదులుతుంది. గంటన్నర ముందు చేరండి. పాస్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేరు పూర్తిగా రాసి ఉంటే పూర్తిగానే రాయాలి, పొట్టి అక్షరాలు పెట్టకూడదు.

సీటు దొరకనప్పుడు నెమ్మది రైళ్లతో సరిహద్దు దాటడం నాకు నిజంగా ఇష్టమైన పని. ఆఫెన్‌బర్గ్ నుంచి లోకల్ రైలెక్కితే రైన్ నది దాటి అరగంటలో స్ట్రాస్‌బర్గ్. అక్కడినుంచి పారిస్‌కు రోజుకు కొన్ని ప్రాంతీయ రైళ్లున్నాయి, ఐదు గంటల దాకా పడుతుంది, రిజర్వేషన్ అక్కర్లేదు. జూరిక్ నుంచి మిలాన్‌కు యూరోసిటీ బదులు పాత గొట్టార్డ్ కొండ దారిలో నడిచే ట్రెనో గొట్టార్డో ఎక్కి, బెల్లింజోనాలో మారి, కియాసోలో మళ్లీ మారొచ్చు. 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల సొరంగంలో చీకటి తప్ప ఏమీ కనబడదు. పాత దారిలో పట్టాలు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంటే వాసెన్ ఊరి చర్చి మూడు వేర్వేరు ఎత్తుల్లో మూడుసార్లు కనబడుతుంది. బార్సిలోనా నుంచి ఫ్రాన్స్‌కు తీరం వెంట వెళ్లే లోకల్ రైలు సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. పోర్త్‌బౌలోనో సెర్బెర్‌లోనో దిగి ఫ్రెంచ్ రైలెక్కాలి. స్పెయిన్ పాత పట్టాల వెడల్పు 1,668 మిల్లీమీటర్లు, ఫ్రాన్స్‌ది 1,435. మన బ్రాడ్‌గేజ్ 1,676 గనక, ఆ స్పెయిన్ బోగీలో నాన్నగారికి మన రైలు గుర్తొచ్చిందంటే ఆశ్చర్యం లేదు. సూట్‌కేసులు ఎక్కువుంటే మాత్రం ఈ దారులు వద్దు.

చివరగా ఆలస్యాలు. 2024లో జర్మనీ దూరప్రయాణ రైళ్లలో సమయానికి చేరినవి దాదాపు 62.5 శాతమే, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని సమయానికే అని లెక్కేస్తే. కొలోన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో తప్పనిసరి సీటున్న రైలెక్కాలంటే ఒక రైలు ముందుగా చేరేలా పెట్టుకోండి, నేను కనీసం గంటన్నర ఖాళీ ఉంచుతాను. అయినా రైలు తప్పితే గొడవపడక, ఆలస్యమైన రైలు సిబ్బందితోనో సమాచార కేంద్రంలోనో ఆలస్యానికి లిఖితంగా ధ్రువీకరణ తీసుకోండి. ఆ కాగితం చూపించాక మళ్లీ డబ్బు అడగకుండా తర్వాతి రైల్లో సీటిచ్చిన సందర్భాలు మాకున్నాయి, కాగితం లేక కొత్త రిజర్వేషన్ కొనుక్కున్న స్నేహితులూ ఉన్నారు. గంటకు మించిన ఆలస్యానికి పాస్ అమ్మిన సంస్థకే పరిహారం కోసం దరఖాస్తు పెట్టాలి. దానికి, పాస్ ఉండే ఫోను యాప్‌లో మనం ఎక్కిన ప్రతి రైలూ నమోదై ఉండాలి, అందుకే రైలెక్కకముందే దాన్ని జోడించండి. మూడు రోజులకోసారి ఫోనును ఇంటర్నెట్‌కు కలపకపోతే పాస్ తెరుచుకోదు. అమ్మానాన్నల ఫోన్లలో పెడితే రోమింగ్ సిమ్ కూడా అప్పుడే వేయించండి.