క్రిస్మస్‌కి న్యూరెంబర్గ్: శాకాహారి అత్తయ్యతో జర్మన్ హోటల్ భోజనం

డిసెంబర్ 23న మ్యూనిక్ నుంచి న్యూరెంబర్గ్ వెళ్ళాం, నేను, మా ఆవిడ, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య. ఐసీఈ అనే స్పీడు రైలు అయితే గంటా పావులో దింపేస్తుంది కానీ మామూలు రైళ్ళకి పనికొచ్చే బయెర్న్ టికెట్ తీసుకుంటే ముగ్గురికీ ఒకటే టికెట్, మామూలు రోజుల్లో మాత్రం పొద్దున 9 దాటాకే చెల్లుతుంది.

క్రిస్మస్ మార్కెట్ గురించి పెద్దగా చెప్పను. ఎర్ర తెల్ల చారల గుడ్డ కప్పిన కొట్లు, కాలు పెట్టే సందు లేదు. గ్లూవైన్ (మసాలా వేసిన వేడి వైన్) కప్పుకి డిపాజిట్ కట్టించుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బులొస్తాయి. అత్తయ్యకి మందు లేని కిండర్‌పున్ష్ ఇప్పించాం.

అసలు విషయం రాత్రి భోజనం. సెబాల్డ్ చర్చికి దగ్గర్లో సందులో చిన్న హోటల్, రెండు వారాల ముందే ఫోన్ చేసి టేబుల్ చెప్పుంచాం, లేకపోతే ఈ సీజన్లో దొరకదు. తల తగిలేంత కిందకి చెక్క కప్పు, మూల పెంకుల పొయ్యి, బయట చలికి బిగుసుకుపోయిన చెవులు రెండు నిమిషాల్లో కరిగిపోయాయి. మా బల్ల దగ్గరే ఇంకో ముసలి జంటని కూర్చోబెట్టారు, అక్కడ అది మామూలే.

నేను న్యూరెంబర్గ్ సాసేజ్‌లు చెప్పా. వేలంత ఉంటాయంతే, అందుకే లెక్కన ఆరో ఎనిమిదో పన్నెండో అడగాలి. బీచ్ అనే చెట్టు కట్టెల నిప్పు మీద కాలుస్తారు, మార్జొరం ఆకు వాసన, పక్కన పుల్లటి క్యాబేజీ, ముక్కు మండించే హార్స్‌రాడిష్. 2003 నుంచి ఈ పేరుకి యూరప్‌లో రక్షణ ఉంది, ఊరు దాటి చేస్తే ఆ పేరు పెట్టకూడదు. మా ఆవిడ బాతు తొడ చెప్పింది, బావుంది కానీ నాకైతే సాసేజ్‌లే నచ్చాయి. అత్తయ్యకి పుట్టగొడుగుల క్రీమ్ గ్రేవీలో క్లోస్, అంటే ఆలుగడ్డ ఉండ. ఈ ఊరి వైపు లోపల వేయించిన బ్రెడ్ ముక్కలు పెడతారు. అత్తయ్య కోసి చూసి "బాబూ, ఇది పూర్ణం మర్చిపోయిన బూరె కదా" అంది, అయినా రెండూ తినేసింది. శాకాహారులు ఎర్ర క్యాబేజీ తీసుకునేముందు ఏ కొవ్వుతో వండారో అడగండి.

సర్వీసు చురుగ్గానే ఉంది, నవ్వు మాత్రం లేదు. నీళ్ళు అడిగితే గ్యాస్ నీళ్ళొచ్చాయి, గ్యాస్ లేనివి కావాలంటే "ష్టిల్" అని చెప్పాలి. టిప్పు బల్ల మీద పెట్టరు, బిల్లు 74 అయితే 80 అని మీరే చెప్పాలి. మాకు వాళ్ళు క్యాష్ మాత్రమే అనేసరికి నేను కోటు లేకుండా ఏటీఎం కి పరిగెత్తా, ఆ చలి ఇంకా గుర్తుంది.

మేం దిగిన లాడ్జి స్టేషన్ పక్కనే, రూము ఇరుకు, కెటిల్ కూడా లేదు, అత్తయ్య కాఫీకి రోజూ కిందకెళ్ళి వేడినీళ్ళు అడుక్కున్నాం. బ్రేక్‌ఫాస్ట్ మాత్రం దండిగా.

24 గురించి ఎవరూ చెప్పలేదు. మార్కెట్ మధ్యాహ్నం 2 కే సర్దేశారు, సాయంత్రానికి ఊరంతా నిశ్శబ్దం, ఎక్కడ చూసినా తలుపులు మూసే ఉన్నాయి. చివరికి స్టేషన్లో నిలబడి ఫలాఫెల్ తిన్నాం. కాబట్టి ఆ రాత్రికి తిండి ముందే చూసుకోండి.

వచ్చేటప్పుడు కోట బొమ్మ ఉన్న రేకు డబ్బాలో లెబ్‌కూహెన్ అనే మసాలా బిస్కెట్లు కొన్నాం. గుడ్డు ఉంటుందని చెప్పగానే అత్తయ్య ముట్టుకోలేదు, డబ్బా మాత్రం ఖాళీ అయ్యేదాకా ఆగి గుంటూరు తీసుకెళ్ళింది, ఇప్పుడది వాళ్ళింట్లో పోపుల డబ్బా.