బొంబాయి డాక్ పేలుడు గుర్తులు చూడాలనుకునేవాళ్లకి

ముంబై వెళ్లినవాళ్లు గేట్‌వే, మెరైన్ డ్రైవ్ ఎలాగూ చూస్తారు, వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ పేలిన జాగా చూద్దామనే వెళ్లాను. అలా వెళ్లేవాళ్లకి ఏది పనికొస్తుంది, ఏది ఉత్త కాళ్లనొప్పి అన్నదే రాస్తున్నాను.

కథ తెలియనివాళ్లకి క్లుప్తంగా. ఇంగ్లండ్‌లో బయల్దేరిన ఆ ఓడలో సుమారు 1,400 టన్నుల మందుగుండు, విడి భాగాలుగా యుద్ధ విమానాలు, బంగారం ఉన్నాయి. అవి చాలవన్నట్టు కరాచీలో 8,700 పత్తి బేళ్లు, పీపాల కొద్దీ నూనె కూడా ఎక్కించారు. పత్తి పక్కన మందుగుండు పెట్టకూడదని చిన్న పిల్లాడికైనా తెలుసు, కానీ యుద్ధం రోజులు, ఓడల కొరత, ఎవరడుగుతారు? ప్రమాదకరమైన సరుకు ఉందని తెలిపే ఎర్ర జెండా కూడా ఎగరేయలేదు. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో రెండో నంబరు హోల్డ్‌లో, అంటే ఓడ లోపల సరుకు పెట్టే గదిలో, పొగ కనిపించింది. ఫైర్ వాళ్లు 900 టన్నులకు పైగా నీళ్లు కొట్టినా మంట ఆరలేదు. 4 గంటల 6 నిమిషాలకి మొదటి పేలుడు, అరగంట తిరక్కుండా అంతకంటే పెద్దది రెండోది. 12 కిలోమీటర్ల దూరంలో కిటికీ అద్దాలు పగిలాయి, సిమ్లాలో భూకంపాలను కొలిచే యంత్రం కూడా పట్టేసింది. జలపద్మ అనే మరో ఓడనైతే గట్టు మీదికి విసిరేసింది. 80,000 మందికి నిలువ నీడ లేకుండా పోయింది, వేల టన్నుల ధాన్యం బూడిదైంది, అదీ బెంగాల్ కరువు వచ్చిన మరుసటి ఏడాది. చాలామంది జపాన్ వాళ్లే బాంబులేశారనుకున్నారట. 1942లో విశాఖ, కాకినాడ మీద నిజంగానే వేశారు కదా, ఆ భయం ఊరికే పుట్టింది కాదు. సెన్సార్ పుణ్యమా అని దాదాపు నెల దాకా పేపర్లలో సరైన వార్తే రాలేదు.

ఇక అసలు డాక్. అక్కడికి వెళ్లి లాభం లేదు. పోర్టు గోడ, గేటు, గేటు దగ్గర తుపాకీతో సెక్యూరిటీ, అంతే. వర్లీలో మిల్లు పని చేసి రిటైరైన మా పెద్దబావ ముందే చెప్పాడు: "ఆడ ఏమున్నదిరా, విక్టోరియా డాక్ల మట్టి వోసి పూడ్చిన్రు. లోపటికి తీస్కపోత అని ఎవడన్న అంటే పైసలియ్యకు." సరిగ్గా అలాంటివాడే ఒకడు తగిలాడు కూడా. డాక్ లోపల ఫొటోలు కూడా తీసుకోవచ్చని బేరం పెట్టాడు. దండం పెట్టి తప్పించుకున్నాను.

దానికంటే మస్జిద్ స్టేషన్‌లో దిగి తూర్పు వైపు గోదాముల వీధుల్లో నడవడం నయం. ఆ రోజు తగలబడింది ఈ చుట్టుపక్కలే. తోపుడుబళ్లు, మిరపకాయల ఘాటు, నెత్తిన బస్తాలతో "బాజూ, బాజూ" (పక్కకి తప్పుకోండి) అని అరుస్తూ వచ్చే హమాలీలు. ఒకాయన వీపు మీద మూడు బస్తాలు పేర్చుకుని, నుదుటికి గుడ్డ పట్టీ కట్టుకుని, లారీకీ గోడకీ మధ్య జానెడు సందులోంచి పక్కవాటంగా దూరి వెళ్లాడు, చూస్తున్న నాకే ఊపిరాడలేదు. పొద్దున పదిలోపే వెళ్లండి, తర్వాత అడుగు పెట్టే చోటుండదు.

నాకు అన్నిటికంటే విలువైనదనిపించింది బైకుల్లా ఫైర్ బ్రిగేడ్ ప్రధాన కార్యాలయంలోని స్మారకం. ఆ రోజు 66 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగానే దేశమంతా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు, మన ఊళ్లో ఫైరింజన్ మీద కట్టే బ్యానర్ కూడా దాని తాలూకుదే. ఆ తేదీన వెళ్తే నివాళి కార్యక్రమం ఉంటుంది, అంబేడ్కర్ జయంతి సెలవు కాబట్టి లోకల్స్‌లో ఆఫీసు రద్దీ కూడా తక్కువ. అది పని జరిగే స్టేషన్, మ్యూజియం కాదు. గేటు దగ్గర మర్యాదగా అడగండి, ఫోన్ జేబులో పెట్టుకోండి.

అక్కడ నిలబడితే నాకు తట్టింది ఒకటే. ఓడలో బంగారం 31 పెట్టెల్లో, పెట్టెకి నాలుగు చొప్పున 124 కడ్డీలు. ఆ లెక్క కడ్డీతో సహా ఉంది. అందులో ఒకటి ఎగిరి ఒక పార్సీ పెద్దమనిషి ఇంటి కప్పులోంచి పడితే ఆయన తిరిగి ఇచ్చేశాడు కూడా. మనుషుల లెక్క మాత్రం 800 అని ఒకరు, 1,300 అని ఇంకొకరు. రోజు కూలికి వచ్చిన డాక్ కూలీ పేరు ఏ రిజిస్టర్లో ఉంటుంది?

నీళ్ల మీద నుంచి చూడాలంటే భావూచా ధక్కా అనే లాంచీల రేవు నుంచి అవతలి ఒడ్డున ఉన్న మోరాకి వెళ్లే లాంచీ ఎక్కండి. రేవుకి వెళ్లాలంటే డాక్‌యార్డ్ రోడ్ స్టేషన్‌లో దిగి ట్యాక్సీ తీసుకోవాలి. ఎలిఫెంటా బోటు సౌకర్యంగా ఉంటుంది కానీ సెల్ఫీల గోల. మోరా లాంచీలో చేపల బుట్టలు, డీజిల్ వాసన, కూర్చోవడానికి చెక్క బల్ల. అయినా బయల్దేరాక వెనక్కి తిరిగి కూర్చుంటే డాకుల గట్టు, క్రేన్లు, వాటి వెనక ఇళ్ల గుంపు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. ఊరికి ఎంత దగ్గరగా అంత మందుగుండు దింపుదామనుకున్నారో అప్పుడు అర్థమై ఒళ్లు జలదరించింది. సముద్రం పడనివాళ్లు కడుపు నిండా తిని ఎక్కొద్దు.

బస సంగతికొస్తే, మొదట సీఎస్‌ఎంటీ (పాత వీటీ) రైల్వే స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో దిగాను. కిటికీ తీస్తే పక్క బిల్డింగ్ గోడ, ఏసీ ఉందన్నారు, ఉంది కానీ తిరగలేదు. ఏప్రిల్ ఉక్కపోతలో అది నరకమే. మర్నాడే బైకుల్లాకి మారాను, అద్దె కాస్త ఎక్కువైనా సెంట్రల్ లైన్ పక్కనే, ఫైర్ స్టేషన్‌కి నడిచిపోవచ్చు. మనవాళ్లు ఇళ్లు కట్టే పనికి వెళ్లి స్థిరపడ్డ కామాఠిపురా కూడా దూరం కాదు. తిండికి మాతుంగా ఉడిపి హోటళ్లు, ఇడ్లీ దిగులు తీరుతుంది. హైదరాబాద్‌కి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ రాత్రి బండి కాబట్టి చివరి రోజు రూమ్ ఖాళీ చేసి, సామాను క్లోక్ రూమ్‌లో పడేసి, లాంచీ మధ్యాహ్నానికి పెట్టుకుంటే సరిపోతుంది.