పుండాలో ఇల్లా, ఒత్రోబండాలో ఇల్లా: విల్లెంస్టాడ్‌లో ఏది మేలు?

ఉద్యోగరీత్యా కరీబియన్ సముద్రంలోని కురసావ్ ద్వీపానికి వచ్చేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: పాత రేవు పట్టణమైన విల్లెంస్టాడ్‌లో ఏ ఒడ్డున ఇల్లు తీసుకోవాలి? 1634లో ద్వీపాన్ని వశపరచుకున్న డచ్చివారు కోట కట్టి స్థిరపడిన పుండా ఓడల కాలువకు తూర్పున ఉంది. పడమట ఉన్నది 1707 నుంచి ఇళ్లు వెలసిన ఒత్రోబండా. స్థానిక పాపియామెంటు భాషలో ఆ పేరుకు ‘అవతలి ఒడ్డు’ అని అర్థం.

సౌకర్యాల్లో పుండాదే పైచేయి. దుకాణాలు, బ్యాంకులు, నేలంతా ఇసుక పరచిన 1732 నాటి యూదుల ప్రార్థనామందిరం, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. మధ్యాహ్నం పాత మార్కెట్‌కు వెళ్తే పెద్ద గిన్నెల్లో ఉడుకుతున్న మేక మాంసం కూర, బెండకాయలతో చిక్కగా కాచిన యాంబో, మన సంకటిని గుర్తుచేసే మొక్కజొన్నపిండి ఫుంచి వేడివేడిగా దొరుకుతాయి.

ఒత్రోబండాలో ఉంటే వంతెన తెరిచినప్పుడల్లా చిక్కుకుపోతామని చాలామంది భయపడతారు. 1888లో తేలే పడవలపై కట్టిన ఎమ్మా రాణి వంతెన ఓడ వచ్చినప్పుడు గంట మోగించి, తలుపు రెక్కలా ఒత్రోబండా ఒడ్డువైపు తిరుగుతుంది. నారింజ జెండా కనిపిస్తే కాసేపు ఆగితే చాలు, నీలం జెండా ఎగిరితే మాత్రం ఉచితంగా నడిచే పడవ ఎక్కాలి. ఈ ఆలస్యం రెండు ఒడ్లవారికీ సమానమే కనుక దాన్నిబట్టి ఇల్లు ఎంచుకోనవసరం లేదు.

నా దృష్టిలో అసలు చూడవలసింది సాయంత్రాన్ని. దుకాణాలు మూసేసరికి పుండా వీధులు చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఒత్రోబండా ఇరుకు సందుల్లోనైతే అప్పుడే జనం గుమ్మాల ముందు కుర్చీలు వేసుకుంటారు, దారిన పోయేవారిని పలకరించకుండా వదలరు. కొత్తగా వచ్చి ఒంటరిగా ఉండేవారికి ఆ పలకరింపు ఎంత ఆసరాయో నాకు స్వయంగా తెలుసు. పైగా, పుండా రేవు ముంగిట బారులు తీరిన రంగురంగుల మేడలు నిండుగా కనబడేది ఒత్రోబండా గట్టు నుంచే. కొన్ని సందుల్లో ఇళ్లు పాడుబడి ఉన్న మాట నిజమే; అందుకే రాత్రివేళ కూడా ఒకసారి వెళ్లి చూశాకే అద్దె మాట్లాడుకోవాలి.

ఈ రెండూ కాక ఊళ్లోని మిగతా పాత పేటల్లో పీటర్‌మాయ్ భోజనశాలలకు, హోటళ్లకు బాగుంటుంది. స్కార్లూ పేటలోని పాత వర్తకుల భవంతుల్లో ఇప్పుడు ఆఫీసులే ఎక్కువ.

ఒక జాగ్రత్త: బ్రేడెస్త్రాత్ అనే పేరుతో రెండు ఒడ్లలోనూ ఒక్కో వీధి ఉంది. ఇల్లు చూడబోయే ముందు అది ఏ ఒడ్డుదో యజమానిని తప్పక అడగండి.